పటిక వేసిన నీళ్ళు

కిందటి నెల ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. కొత్తగా టీచరు ఉద్యోగం వచ్చిందట, దివిసీమలో ఒక శివారు ఊళ్ళో పోస్టింగట. ఎవరో నా పేరు చెప్పారని వెతుక్కుంటూ వచ్చింది. "పిల్లలకి నీళ్ళ పాఠం మీరు చాలా బాగా చెప్పేవారంట కదండీ, ఎలా మొదలుపెట్టాలో కాస్త చెప్పండి" అని అడిగింది. కాఫీ ఇచ్చాను. అవనిగడ్డలో ఇళ్ళ అద్దెల గురించి, బస్సుల గురించి ఏవేవో చెప్పాను. అడిగినదానికి మాత్రం జవాబు చెప్పకుండా పంపించేశాను. ఆ పిల్ల గేటు దాటాక నాకు సిగ్గేసింది. అందుకని ఇది రాయడానికి కూర్చున్నాను.

నేను గుడివాడలో పుట్టాను, బందరులో ట్రైనింగ్ అయ్యాను. జిల్లా పరిషత్తు హైస్కూళ్ళలో ఫిజికల్ సైన్స్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. బదిలీలు, ఇంక్రిమెంట్లు, శాలువాలు ఇక్కడ రాయను. అవి ఎవరికీ పనికిరావు. తలచుకుంటే నాకే విసుగు. ఉద్యోగం అంటే నాకు మిగిలింది ఒక ఊరు, ఒక అమ్మాయి, ఒక గ్లాసుడు నీళ్ళు. చదివాక మనసు తేలికపడే కథ కావాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆపేయడం మంచిది.

బోరు నీళ్ళు

ఊరి పేరు చెప్పను. సముద్రానికి దగ్గర, కాలవకి చిట్టచివర. తొంభైల్లో నేను అక్కడికి వెళ్ళేసరికి స్కూల్లో ఒక చేతిపంపు ఉండేది. దాని నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పు. సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు. నేను మొదటి రోజే ఆరో తరగతిలో నిలబడి, "నీటికి రంగు, రుచి, వాసన ఉండవు" అని బోర్డు మీద రాశాను. క్లాసంతా గొల్లున నవ్వింది. నాకు కోపం వచ్చింది. ఎందుకు నవ్వుతున్నారని గదమాయిస్తే ఒకడు లేచి, "మా ఊరి నీళ్ళకి మూడూ ఉంటాయండి" అన్నాడు. నేను వాణ్ణి నిలబెట్టేశాను. తప్పు పుస్తకానిది, శిక్ష వాడికి. అప్పట్లో నేను అలాంటి టీచర్ని.

ఆ తర్వాతి ఏడు ఎనిమిదో తరగతికి నీటి విద్యుద్విశ్లేషణ చేసి చూపించాను. అంటే నీళ్ళలోకి కరెంటు పంపి వాయువులుగా విడగొట్టడం. సామానంతా బీరువాలో ఉంది, బీరువా తాళం హెడ్మాస్టరు గారి దగ్గర ఉంది, ఆయన ఇవ్వరు. పాత టార్చి బ్యాటరీలు పగలగొట్టి లోపలి నల్ల కడ్డీలు తీశాను. చేతిపంపు నీళ్ళే గాజు తొట్టిలో పోశాను. పుస్తకంలో ఆమ్లం చుక్కలు కలపాలని ఉంది. మా నీళ్ళకి ఆ అవసరం కూడా లేకపోయింది, ఉప్పు మూలాన వెంటనే బుడగలు వచ్చేశాయి. ఒక కడ్డీ దగ్గర హైడ్రోజన్, రెండో కడ్డీ దగ్గర ఆక్సిజన్ అని చెబుతున్నాను. ముందు బెంచీలో పిల్ల ఒకతి వంగి వాసన చూసింది.

"టీచర్, ఇక్కడ బ్లీచింగ్ వాసనొస్తందండి" అంది.

ఆ పిల్ల పేరు నాంచారమ్మ. పదమూడేళ్ళుంటాయి. సన్నగా ఉండేది, రెండు జడలు మడిచి కట్టుకునేది, దేన్నైనా ముక్కు దగ్గర పెట్టుకుని చూసేదాకా నమ్మేది కాదు. ఆ పిల్ల చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఉప్పునీళ్ళలో కరెంటు పంపితే ఆ కడ్డీ దగ్గర వచ్చేది క్లోరిన్. నాకు తెలుసు. కానీ పరీక్షలో వచ్చే ప్రశ్నకి జవాబు ఆక్సిజన్. "అదేం కాదులే, ఆక్సిజన్ అని రాయి" అన్నాను. తలూపి అలాగే రాసింది. మళ్ళీ ఒకసారి వాసన చూసి, నా మొహం చూసి, తల దించుకుంది. ముక్కు చెప్పిందానికంటే టీచరు చెప్పిందే నిజమని ఆ పిల్లకి నేను ఆ రోజు నేర్పాను. ఇలాంటి పాఠం చెప్పినప్పుడు చెబుతున్నట్టు మనకి తెలియదు.

హెడ్మాస్టరు గారి కోరిక

మా హెడ్మాస్టరు గారు చెడ్డవారు కాదు. పిరికివారు. ఆ రెండింటికీ తేడా ఉందనుకుని చాలాకాలం ఆయన్ని వెనకేసుకొచ్చాను. ఇప్పుడు అంత తేడా ఉందనుకోవడం లేదు. ఆ రోజుల్లో అవనిగడ్డ నుంచి ప్రైవేటు స్కూలు వ్యానులు శివారు ఊళ్ళదాకా రావడం మొదలైంది. టై కట్టుకున్న పిల్లలు మా గేటు ముందు నుంచి వెళ్తుంటే ఆయన మొహం వాడిపోయేది.

ఒకరోజు నన్ను పిలిచి, "టీచరుగారూ, మీరు ఏవో ఫార్ములాలు చెబితే ఊళ్ళో ఎవరికి తెలుస్తుంది చెప్పండి. కళ్ళకి కనపడేది ఏదన్నా చెయ్యండి. పిల్లలు ఇంటికెళ్ళి మా స్కూల్లో ఇలా చేశారు అని చెప్పుకోవాలి" అన్నారు.

"బీరువా తాళం ఇస్తారా మరి?" అన్నాను.

"తాళం సంగతి తర్వాత చూద్దాం. ఊళ్ళో దొరికే సామానుతో చెయ్యండి."

ఊళ్ళో దొరికేవి నీళ్ళూ, పటికా. నాకు ఆ ఆలోచన తట్టగానే చాలా తెలివైనదాన్ననుకున్నాను.

కొత్తనీళ్ళు

కాలవ చివర బతకనివాళ్ళకి ఇది కొంచెం చెప్పాలి. ఎండాకాలం కాలవలు కట్టేస్తారు. కట్టేసేముందు చెరువు నింపుకుంటారు. ఆ నీళ్ళే రెండు మూడు నెలలు తాగాలి. చివరికొచ్చేసరికి చెరువులో పచ్చటి నాచు, మోకాలి లోతు నీళ్ళు మిగులుతాయి. ఈలోపు ఎండిన కాలవ ఊరందరికీ దారీ అదే, చెత్తకుప్పా అదే, పొద్దున్నే చెంబు పట్టుకుని వెళ్ళేచోటూ అదే. వానాకాలం మొదట్లో మళ్ళీ కాలవ వదులుతారు. పైన అన్ని ఊళ్ళూ దాటుకుని, అన్ని ఊళ్ళ కశ్మలం కడుక్కుంటూ వచ్చే మొదటి నీళ్ళు మాకు దక్కుతాయి. ఎర్రగా, చిక్కగా ఉంటాయి.

అవి వచ్చిన రోజు ఊళ్ళో సందడి చూడాలి. "కొత్తనీళ్ళొచ్చినయ్" అని ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని వెళ్ళేవారు. రెండు నెలలు నాచునీళ్ళు తాగినవాళ్ళని ఆగమంటే ఎలా ఆగుతారు. తెచ్చిన బిందెలో పటిక రాయి పట్టుకుని గిరగిరా తిప్పుతారు. కాసేపటికి మట్టి కిందికి దిగి పైన తేటనీళ్ళు మిగులుతాయి. ఊరి నర్సమ్మ చెప్పగా చెప్పగా కొందరు ఆ తేటని మరిగించి, చల్లార్చి పిల్లలకి పోసేవారు. అందరూ కాదు. వానల్లో తాటాకులు, పిడకలు తడిసి ఉంటాయి, పొయ్యి మండదు, పొగ. నాంచారమ్మ వాళ్ళమ్మ మాత్రం తప్పకుండా మరిగించేది. నాంచారమ్మకి నాలుగేళ్ళ చెల్లెలు ఉండేది, చిట్టి అనేవారు. దానికి పుట్టినప్పటినుంచీ కడుపు మంచిది కాదు.

పటిక వేస్తే మట్టి దిగుతుంది. రోగం దిగదు. ఇది నాకు తెలియని విషయం కాదు. ట్రైనింగులో ఈ పాఠం చెప్పి మార్కులు తెచ్చుకున్నాను.

గ్లాసు

కొత్తనీళ్ళు వచ్చిన మర్నాడే ప్రయోగం పెట్టాను. ఆరు నుంచి పది దాకా పిల్లలందరినీ ఆవరణలో కూర్చోబెట్టారు హెడ్మాస్టరు గారు. ప్రయోగం చివర ఆ నీళ్ళు నేనే తాగి చూపించాలని అనుకున్నాను. తాగితేనే పిల్లలకి మనసులో పడుతుంది, ఊళ్ళో చెప్పుకుంటారు. కానీ ఆ కాలవ నీళ్ళు తాగే ధైర్యం నాకు లేదు. నా జాగ్రత్త నాకుంది. అందుకని పొద్దున్నే స్టాఫ్ రూములో కిరసనాయిలు స్టవ్వు మీద ఆ నీళ్ళు బాగా మరిగించి చల్లార్చుకున్నాను. మరిగించినా మట్టి ఎక్కడికీ పోదు కదా, నీళ్ళు అలాగే ఎర్రగా ఉన్నాయి. హెడ్మాస్టరు గారు వచ్చి చూసి, "మరిగించారా, మంచిపని చేశారు" అన్నారు.

పిల్లలకి మాత్రం చెప్పలేదు. మర్చిపోలేదు. కావాలనే చెప్పలేదు. చెబితే చప్పగా ఉంటుందనిపించింది. బురదనీళ్ళు కళ్ళముందు తేటనీళ్ళవుతుంటే మధ్యలో స్టవ్వు సంగతి ఎందుకు, చివర్లో చెప్పవచ్చులే అనుకున్నాను.

నాంచారమ్మని పిలిచి పటిక రాయి చేతికిచ్చాను. ఆ పిల్ల గాజు జాడీలో దాన్ని తిప్పింది. మట్టి దూదిపింజల్లా ముద్దకట్టి నెమ్మదిగా కిందికి దిగింది. పిల్లలు లేచి నిలబడి చూశారు. పావుగంటకి పైన నీళ్ళు అద్దంలా అయ్యాయి. గ్లాసులోకి వంపుకుని, "చూశారా, సైన్స్ అంటే ఇదీ. ఇంక ఈ నీళ్ళు మనం హాయిగా తాగొచ్చు" అని గటగటా తాగేశాను. చప్పట్లు కొట్టారు. నాంచారమ్మ అందరికంటే ఎక్కువసేపు కొట్టింది. గంట మోగింది. చివర్లో చెప్పవచ్చులే అనుకున్న మాట చెప్పనే లేదు. ఆ చప్పట్లు నాకు ఎంత బాగున్నాయో దాచుకోను.

ఆ సాయంత్రం ఆ ఇంట్లో ఏం జరిగిందో తర్వాత తెలిసింది. వాళ్ళమ్మ తడి పిడకలు ఊదుతూ, దగ్గుతూ పొయ్యి దగ్గర కూర్చుని ఉంటే నాంచారమ్మ వెళ్ళి కుండ దించేసింది. "ఇంక నువ్వు ఈ పొగలో కూచోనక్కర్లేదమ్మా. పటికేస్తే చాలు. మా టీచరుగారు మా ముందే తాగారు" అంది. అమ్మ దగ్గు తగ్గించాలని ఆ పిల్ల ఆలోచన. టీచరు తాగిందంటే ఆ తల్లి కూడా నమ్మింది.

వరండా

నాలుగో రోజుకి క్లాసులో సగం మంది లేరు. ఆ తర్వాత స్కూలే ఆసుపత్రి అయింది. వరండాలో నులక మంచాలు వేశారు, కిటికీ ఊచలకి సెలైన్ సీసాలు కట్టారు. వాంతులు, నీళ్ళ విరేచనాలు. పటిక ప్రయోగం చూడనివాళ్ళ ఇళ్ళల్లో కూడా వచ్చాయి, ప్రతి ఏడూ కొంతమందికి వచ్చేవే. ఆ మాట నేను నాకు చాలాసార్లు చెప్పుకున్నాను. నాలుగైదు రోజుల్లో చాలామంది లేచి తిరిగారు. చిట్టి లేవలేదు. అవనిగడ్డ తీసుకెళ్తుంటే ఆటోలోనే పోయింది, వాళ్ళమ్మ ఒళ్ళో.

పది రోజుల తర్వాత ప్రైమరీ హెల్త్ సెంటరు డాక్టరుగారు ఇళ్ళ వెంబడి విచారిస్తూ వచ్చారు. యువకుడు, ముక్కుసూటి మనిషి. హెడ్మాస్టరు గారినీ నన్నూ కూడా తీసుకెళ్ళారు. నాంచారమ్మ వాళ్ళ ఇల్లు ఒకే గది, ముందు చిన్న తాటాకుల పంచ. తల్లి గడపలో కూర్చుని ఉంది. నాంచారమ్మ గోడకి ఆనుకుని నిలబడింది. తండ్రి, చుట్టుపక్కలవాళ్ళు ఓ పదిమంది గుంపుగా ఉన్నారు.

"మీ ఇంట్లో నీళ్ళు కాచి పోస్తారని నర్సు చెప్పిందే. ఈసారి ఎందుకు కాచలేదమ్మా?" అని డాక్టరుగారు అడిగారు.

తల్లి తలెత్తకుండానే చెప్పింది. "మా పెద్దది వద్దందండి. పటికేస్తే చాలంట, టీచరుగారు తాగి చూపిచ్చారంట."

అందరూ నావైపు చూశారు. నా నోరు దానంతట అదే కదిలింది అని రాస్తే అబద్ధం. ఒక్క క్షణం ఆలోచించుకునే మాట్లాడాను. ఉద్యోగం ఊడుతుందేమో, ఊరు మీద పడుతుందేమో అనుకున్నాను.

"తాగి చూపించిన మాట నిజమేనండీ. కానీ మరిగించి తాగాలని కూడా చెప్పాను. పాపం, చిన్నపిల్ల కదా, సరిగ్గా విని ఉండదు" అన్నాను. నాంచారమ్మ వైపు తిరిగి, "చెప్పాను కదమ్మా?" అని కూడా అన్నాను.

హెడ్మాస్టరు గారు గొంతు సవరించుకుని, "మా టీచరుగారు చాలా జాగ్రత్త మనిషండీ. ఆవిడ మరిగించకుండా చుక్క ముట్టుకోరు" అన్నారు.

నాంచారమ్మ నావైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. లెక్క తప్పు వచ్చినప్పుడు ఎక్కడ తప్పిందా అని పలక చూసుకున్నట్టు చూసింది. తర్వాత, "అవునండీ. చెప్పారు" అంది.

తల్లి అప్పుడు తలెత్తింది. నన్ను చూడలేదు, కూతుర్ని చూసింది. ఆ చూపు వర్ణించడం నా వల్ల కాదు. డాక్టరుగారు కాగితం మీద ఏదో రాసుకున్నారు. మేము చెప్పులేసుకుని బయటికి వచ్చాం. మర్నాడు హెడ్మాస్టరు గారు బీరువా తాళం నా బల్ల మీద పెట్టి వెళ్ళారు.

నాంచారమ్మ ఆ ఏడు చివరిదాకా స్కూలుకి వచ్చింది. వెనక బెంచీకి మారింది. ఏ సీసా ముందు పెట్టినా వాసన చూడలేదు. వేసవి సెలవుల తర్వాత రాలేదు. ఎందుకు రాలేదో కనుక్కుందామని వాళ్ళ వీధి మలుపుదాకా రెండుసార్లు వెళ్ళి వెనక్కి వచ్చేశాను.

ఆ తర్వాత

ఆ చలికాలం బందరులో జిల్లా సైన్స్ ఫెయిర్. హెడ్మాస్టరు గారు పటిక ప్రయోగమే పంపుదామన్నారు. నేను వద్దనలేదు. ఇంకో ఇద్దరు పిల్లల్ని తీసుకెళ్ళాను. అట్ట మీద పెద్ద అక్షరాలతో "మరిగించి తాగాలి" అని రాయించి వేలాడదీశాను. బహుమతి వచ్చింది. ఫోటోలో నేను నవ్వుతున్నాను. ఆ ఫోటో ఇప్పటికీ మా ఇంట్లో ఎక్కడో ఉంది, చింపెయ్యలేదు.

అప్పటినుంచి రిటైరయ్యేదాకా ప్రతి క్లాసులో, ప్రతి ఏడూ, నీళ్ళ పాఠం మరిగించడంతోనే మొదలుపెట్టాను. నెత్తీ నోరూ మొత్తుకున్నాను. పిల్లలు రాసుకున్నారు, పరీక్షలో మార్కులు తెచ్చుకున్నారు. నా మాట విని ఇళ్ళల్లో ఒక్కరూ మరిగించలేదు. అడిగితే, "అది పుస్తకంలో మాట కదండీ టీచర్" అనేవారు. ఇన్నేళ్ళ సర్వీసులో పిల్లలు నా క్లాసునుంచి ఇంటికి మోసుకెళ్ళి, ఇంట్లోవాళ్ళని ఒప్పించి, ఆచరణలో పెట్టిన పాఠం ఒక్కటే ఉంది. అది ఏదో మీకు తెలుసు.

ఊళ్ళో ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టారు. కొన్నాళ్ళు కుళాయిలు వచ్చాయి, తర్వాత గొట్టాల్లో గాలే వచ్చింది. చుట్టూ వరి చేలు చేపల చెరువులయ్యాయి, రొయ్యల చెరువులయ్యాయి, బోర్లు ఇంకా ఉప్పెక్కాయి. పిల్లలచేత ఏ బోరు ఎంత ఉప్పగా ఉందో పరీక్ష చేయించి అట్ట మీద పటం గీయించాను. చెరువుల దగ్గరున్న బోర్లే ఎక్కువ ఉప్పగా తేలాయి. చెరువుల యజమాని ఒకాయన వచ్చి, "మీకెందుకండీ ఇవన్నీ, పాఠాలు చెప్పుకోండి" అని నెమ్మదిగానే చెప్పి వెళ్ళాడు. నేను ఆ పటం తీసి చుట్టి బీరువా మీద పెట్టాను. ఒకసారి భయపడటం అలవాటైతే రెండోసారి ఆలోచించనక్కర్లేదు. ఇప్పుడు ఆటోలో నీళ్ళ క్యాన్లు వస్తున్నాయి. అవి ఎక్కడివో ఎవరూ అడగరు, తేటగా ఉంటే చాలు.

పటం చుట్టి పెట్టేసిన ఆ రోజుల్లో సైన్స్ టీచరుగా నేను ఎందుకున్నానో నాకే తెలిసేది కాదు. సాయంత్రం బస్సులో కూర్చుని కాలవ పక్కగా వస్తుంటే రేపు మళ్ళీ రావాలా అనిపించేది. వచ్చేదాన్ని. జీతం కోసం వచ్చేదాన్ని.

కొత్తగా చేరిన మీకు నేను చెప్పగలిగింది ఇంతే. పిల్లలముందు మీరు చేసే ప్రతి ప్రయోగంలో తెరవెనక ఏం చేశారో ముందే చెప్పండి. చప్పగా ఉన్నా ఫరవాలేదు. పిల్లలెవరన్నా ఏదో వాసన వస్తోందని చెబితే మీరూ వంగి వాసన చూడండి. తప్పు చేస్తే ఆ పూటే ఒప్పుకోండి, ఎవరిముందు చేశారో వాళ్ళముందే ఒప్పుకోండి.

మోపిదేవి దగ్గర

ఇంతవరకు రాసి కాగితాలు పక్కన పెట్టేశాను. ఒప్పుకోమని మీకు చెబుతున్నాను. నేను ఎవరిదగ్గర ఒప్పుకున్నాను? పది రోజులు ఆ కాగితాలవైపు చూడలేకపోయాను. తర్వాత పాత స్టూడెంట్ల ద్వారా వాకబు చేశాను. నాంచారమ్మకి పెళ్ళయిందట, మోపిదేవి దగ్గర ఊళ్ళో ఉంటోందట, జాకెట్లు కుడుతుందట. నిన్న పొద్దున్నే బస్సెక్కాను.

పంచలో మిషను ముందు కూర్చుని ఉంది. చూడగానే లేచి నిలబడింది. "టీచరుగారండీ, మీరా" అని కుర్చీ తుడిచి వేసింది. కూతురు బడికి వెళ్ళిందని చెప్పింది. ఆరోగ్యం అడిగింది. నేను ఆ మర్యాదలన్నీ అయ్యేదాకా ఆగలేకపోయాను.

"నాంచారమ్మా, నీకో సంగతి చెప్పాలని వచ్చాను. ఆ రోజు మరిగించాలని నేను మీకు చెప్పలేదు."

"చెప్పారండి. నేనే వినలేదు."

"లేదమ్మా. నేను తాగిన నీళ్ళు పొద్దున్నే స్టాఫ్ రూములో మరిగించుకుని తెచ్చాను. మీకు చెప్పకుండా దాచాను. మీ ఇంటికొచ్చి డాక్టరుగారి ముందు, మీ అమ్మముందు అబద్ధమాడాను. నీది ఏ తప్పూ లేదు."

ఆమె మిషను మీద ఉన్న గుడ్డ సరిచేసింది. సూదికి దారం ఎక్కించబోయి వదిలేసింది.

"నాకు నిజంగా గుర్తుండేది కాదండి. మీరు చెప్పానన్నారు కాబట్టి చెప్పే ఉంటారనుకున్నా. రోజూ పడుకుని ఆ రోజు మొదట్నుంచీ గుర్తు తెచ్చుకునేదాన్ని, ఎక్కడ చెప్పారా అని. కొన్నాళ్ళకి మీ గొంతు వినపడటం మొదలెట్టిందండి. మరిగించి తాగాలి పిల్లలూ అని. ఇప్పటికీ వినపడతది."

చేతులు జోడించబోతే ఆమె ముఖం తిప్పుకుంది.

"మీ అమ్మగారు ఎక్కడుంటున్నారు? నేను ఇప్పుడే వెళ్ళి ఆవిడకి చెబుతాను. నువ్వూ రా, నీ ఎదురుగానే చెబుతాను" అన్నాను.

"అమ్మ పోయిందండి. మాఘంలో. ఆరు నెలలయింది."

ఎక్కడో దూరంగా గుడి మైకు వినబడుతోంది. ఆమె కత్తెర తీసుకుని, అక్కర్లేకపోయినా దారం ముక్కలు కత్తిరించసాగింది.

"చిట్టి పోయినకాడ్నుంచి మా అమ్మ నా చేత్తో ఇచ్చిన నీళ్ళు తాగలేదండి. తిట్టేది కాదు, కొట్టేది కాదు. అన్నం పెడితే తినేది. నీళ్ళు మాత్రం తనే లేచి ముంచుకునేది. చివరి రోజుల్లో లేవలేకపోయేది. నేను గ్లాసు పట్టుకుని పక్కనే కూచునేదాన్ని. నోరు బిగించేసేది. పక్కింటి పిన్నిగార్ని పిలిచి ఆమె చేత పోయించేదాన్ని. పోయేముందు కూడా ఆమె చేతే తాగింది."

నేను ఏడుస్తున్నాను. ఆమె ఏడవలేదు. నా వంక చూసి, కోపం లేకుండా, క్లాసులో సందేహం అడిగినట్టే అంది.

"మాఘానికి ముందు ఎప్పుడన్నా రాలేకపోయారా అండీ?"

నేను లేచి చెప్పులేసుకున్నాను. ఆమె నన్ను ఉండమనలేదు, వెళ్ళమనలేదు.